గీత కొట్టని పెయింటర్

"వీర్రాజూ! ఓ వీర్రాజూ! ఆ నిచ్చెన దిగి, ఇక్కడ నిలబడి చూడవయ్యా నీ బోర్డు!" అని బట్టలకొట్టు గోవర్ధనం గారు రోడ్డు మీంచి కేకేశారు.

తెనాలిలో బోర్డులు రాసే వీర్రాజు చేయి ఎంత మంచిదో, తప్పు ఒప్పుకోని అతని నోరు అంత మొండిది. మిగతా పెయింటర్లు సుద్ద పూసిన దారంతో గీత కొట్టుకుని రాసేవారు. వీర్రాజు గీత కొట్టేవాడు కాదు. అయినా అతను రాసిన 'శ్రీ' మల్లెతీగ గోడెక్కినంత అందంగా ఉండేది. అదే అతని గర్వం.

ఇప్పుడు మాత్రం 'శ్రీ' గుమ్మడికాయంత ఉంది. చివరి అక్షరం ఆవగింజంత ఉంది.

"గోడ వాలుగా ఉందండీ," అన్నాడు వీర్రాజు.

"మొన్న కుంచె అన్నావు. నిన్న నిచ్చెన అన్నావు. రేపు నన్నే వాలుగా ఉన్నానంటావు!"

ఇంట్లో భార్య రత్తమ్మకీ విసుగే. పొయ్యి మీద కూర మాడుతున్నా అతనికి వాసన తెలిసేది కాదు. నడుస్తుంటే కుడిచేయి ఊగేది కాదు. "ఏవయ్యా, ఆ చేయి నీదేనా? అద్దెకి తెచ్చుకున్నావా?" అనేది.

ఆ రోజుల్లోనే వైద్య కళాశాల నుంచి డాక్టర్ హైమవతి ఆ వీధికి వచ్చింది. చేయి వణకడం మొదలుకాకముందే పార్కిన్సన్ జబ్బును పట్టుకోగలమా అన్నది ఆమె పరిశోధన. యాభై దాటిన వాళ్లందరికీ ఓ కాగితం ఇచ్చింది. ఒకే వాక్యం పదిసార్లు రాసి తెమ్మంది.

వీర్రాజు రాశాడు. మూడో వరసకే అక్షరాలు చీమలైపోయాయి. కాగితం నలిపేసి, ఇంకోటి అడిగి తెచ్చి, తన ఇంట్లోనే ఉండి బోర్డులు రాసే బామ్మర్ది సోములు ముందు పెట్టాడు.

"రాసిపెట్టరా."

"పరీక్ష నీకు కదా బావా?"

"రాయరా అంటే!"

ఆ కాగితాన్నే తనదని చెప్పి ఇచ్చాడు. 'రాతలో తేడా ఏమీ లేదు' అని డాక్టర్ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. వీర్రాజు దాన్ని జేబులో పెట్టుకుని ఊరంతా చూపించాడు. "చూశావా? చదువుకున్నవాళ్లే చెప్పారు!" అన్నాడు. రత్తమ్మ నుదురు కొట్టుకుంది.

ఏడాది గడిచింది. చొక్కా గుండీలు పెట్టుకోడానికి పావుగంట పట్టేది. బోర్డు రాయమని పిలిచేవాళ్లు లేరు. మళ్లీ అందరినీ చూడటానికి ఇంటింటికీ వచ్చిన డాక్టర్ హైమవతి, అతని నడక, గుండీలతో అతని అవస్థ చూసింది. పాత కాగితం చూసింది. తల పట్టుకుంది.

"వీర్రాజు గారూ, మీతో నాకు పిచ్చెక్కుతోంది! మీ నడక చూస్తే ఆ జబ్బే అనిపిస్తోంది. మరి ఇంత చక్కగా రాసే చేతికి గుండీ ఎందుకు పట్టదు? జబ్బు రాతలో ముందే తెలుస్తుందన్న మా మాటే తప్పేమో. ఆ పరీక్ష తీసేద్దామనుకుంటున్నాం."

"తీసేస్తే?" అన్నాడు వీర్రాజు.

"రాత చిన్నదైపోతున్న వాళ్లకి ముందే చెప్పలేం. జబ్బు పూర్తిగా పోదు. కానీ మందులు, వ్యాయామం వేళకి మొదలైతే చేయి చాలాకాలం మాట వింటుంది. రెండు గీతలు కొట్టి, వాటి మధ్య రాయిస్తాం. అక్షరం మళ్లీ పెద్దదవుతుంది. మీ రాత బాగానే ఉంది కాబట్టి మీకా గీతలు ఎలాగూ అక్కర్లేదనుకోండి."

వీర్రాజు గోడ వైపు చూశాడు. మేకుకి సోములు సుద్దదారం వేలాడుతోంది. తన మల్లెతీగ 'శ్రీ' గుర్తొచ్చింది. తనలాగే ఎవరి అక్షరాలు ఎక్కడ చీమలవుతున్నాయో!

"నోరు విప్పవయ్యా, ఏదో దాస్తున్నావు!" అంది రత్తమ్మ.

"మీ పరీక్ష తప్పు కాదమ్మా," అన్నాడు వీర్రాజు. "ఆ రాత నాది కాదు. మా బామ్మర్దిది. నాది చీమలబారు. ఇక కుంచె పట్టలేనేమోనని భయపడి దాచాను. రత్తమ్మా, ఆ దారం ఇలా ఇవ్వు."

ఒంట్లో మొదలైన తేడాను వైద్యుల దగ్గర దాచినవాడు తన మందునే కాదు, పదిమందికి అందాల్సిన మందును కూడా ఆలస్యం చేస్తాడు.