కుడికన్ను సాక్షి

రాజమహేంద్రవరంలో మూలికల మందులు నేర్పే విశాలాక్షమ్మగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యురాళ్లలో ఎవరు ఏ మందు కాచి తెచ్చినా బాగుందనీ బాగాలేదనీ నోటితో అనేవారు కాదు. ముందు మోచేతి మడతలో మూడు రోజులు, తరవాత చెవి వెనక మూడు రోజులు రాయించేవారు. దద్దురూ మంటా లేకపోతేనే దాన్ని మొహం దాకా రానిచ్చేవారు. అందులోనూ కంటి కింద చోటంటే ఆవిడకు మరీ పట్టింపు. అక్కడి చర్మం ఉల్లిపొరలా ఉంటుందనీ, పొరపాటు చేస్తే ఓర్చుకోదనీ అనేవారు.

ఆవిడ దగ్గర ఆరేళ్లుగా పని నేర్చుకుంటున్న నీలవేణికి కళ్ల కింద నల్లటి వలయాలు చిన్నప్పటినుంచీ ఉన్నాయి. ఆమె హాయిగా నిద్రపోయి లేచిన రోజున కూడా ఎదురైనవాళ్లు "ఒంట్లో బాగాలేదా?" అని అడుగుతారు. పెళ్లిపీటల మీద పురోహితుడు కూడా అడిగాడు. ఆ ప్రశ్న ఇక ఎవరూ తనను అడగకుండా చెయ్యాలని ఆమె పంతం పట్టింది. బాదం నూనె, మంజిష్ఠ వేరు, తేనెమైనం కలిపి కాచిన లేపనం ఒకసారి రాయిలా గట్టిపడింది, ఒకసారి నీరుకారింది, ఇంకోసారి వాసనకు పిల్లి కూడా గడప దాటి పారిపోయింది. ఏడుసార్లు పారబోసింది. ఎనిమిదోది మోచెయ్యీ చెవీ దాటుకుని బయటపడింది. ఇది పనిచేస్తే నీ పేరు మీదే బయటికి పంపుదామని గురువు మాట ఇచ్చారు. తన పేరు ఒక భరిణె మూత మీద చూసుకోవడం తప్ప నీలవేణికి వేరే కోరిక లేదు.

భరిణె గురువు ముందు పెట్టి అడిగింది. "అమ్మా, ఇంట్లో అందరూ నన్ను మొండిఘటం అంటున్నారండి. మీరేమో పట్టుదల ఉండాలంటారు. రెండిటికీ తేడా ఏంటండీ?"

విశాలాక్షమ్మగారు మూత తీసి వాసన చూశారు. "నలభై రోజులు ఎడమకంటి కింద రాయి. కుడికంటి జోలికి వెళ్లకు. అది సాక్షి, మందు పనిచేసిందో లేదో అదే చెబుతుంది," అన్నారు. మూత బిగించి భరిణె తిరిగి ఇచ్చేశారు.

నీలవేణి రోజూ అద్దం ముందు నిలబడేది. వారం తిరిగేసరికి ఎడమవైపు నలుపు విరిగినట్టు అనిపించింది. పద్దెనిమిదో రోజుకి ఇక అనుమానమే లేదు. పందొమ్మిదో రోజున మహిళా సంఘంవాళ్లు వచ్చే నెల ప్రదర్శనలో లేపనం పక్కన పెట్టడానికి ఆమె ఫొటో తీస్తామని కబురు పెట్టారు. ఆమె ఆడపడుచు సర్వలక్ష్మి విని బుగ్గలు నొక్కుకుంది. "ఏంటీ, సగం మొహం ఒకలాగా సగం ఒకలాగా పెట్టుకుని ఫొటో దిగుతావా? జనం నవ్విపోతారే!" నీలవేణికి ఆ మాట సూటిగా తగిలింది. అద్దం దగ్గరికి వెళ్లి, వేలితో కాస్త తీసి కుడికంటి కిందా రాసింది. ఆ రోజునుంచి రెండిటికీ రాస్తూనే ఉంది.

నలభయ్యో రోజున వెలిగిపోతూ గురువు దగ్గరికి వెళ్లింది. "రెండూ తేటపడ్డాయండీ! పందొమ్మిదో రోజునుంచి రెండిటికీ రాశాను."

"సాక్షి నోరు నువ్వే నొక్కేశావు. ఇప్పుడు నేనెవర్ని అడగను?" అన్నారు ఆవిడ. తరవాత మామూలు గొంతుతోనే, "ప్రదర్శన ఇంక అయిదు రోజులే కదా. పెట్టుకుంటానంటే పెట్టుకో. నేను అడ్డురాను," అన్నారు.

ఆవిడ తిట్టి ఉంటే నీలవేణికి కాస్త తేలికగా ఉండేది. ఇంటికి వెళ్లి, ప్రదర్శన కోసం తన పేరు రాయించిన బోర్డుని గోడవైపు తిప్పి పెట్టింది. లేపనం రాయడం ఆ రోజుతో మానేసింది. ప్రదర్శనలో గురువుగారి తలనూనె సీసాలు మాత్రమే పెట్టుకుని కూర్చుంది. వచ్చినవాళ్లలో మూడో ఆవిడే "ఒంట్లో బాగాలేదామ్మా?" అని అడిగింది. రాయడం మానేశాను కదా, అందుకే కాబోలు అని నీలవేణి తనకు తానే సర్దిచెప్పుకుంది.

నెల రోజులు రెండు కళ్లనూ వదిలేసింది. తరవాత మళ్లీ ఎడమకంటికి మొదలుపెట్టింది. ఈసారి పొరపాటున కూడా కుడివైపు వెళ్లకుండా కుడిచేతి వేలికి గుర్తుగా దారం కట్టుకుంది. మధ్యలో ఒక పెళ్లి వచ్చింది, ఒక గృహప్రవేశం వచ్చింది. సర్వలక్ష్మి సణుగుతూనే ఉంది. నీలవేణి పౌడరైనా అద్దుకోకుండా అన్నిటికీ వెళ్లింది, అందరితో ఫొటోలు దిగింది.

నలభయ్యో రోజున విశాలాక్షమ్మగారు పక్కింటి కొండాచారిని పిలిపించారు. ఆయన ఉంగరాలకు రాళ్లు పొదిగే మనిషి. ఏ కంటికి రాశారో ఆయనకు చెప్పలేదు. ఆయన భూతద్దం కంటికి బిగించుకుని, నీలవేణిని కిటికీ వెలుగులో కూర్చోబెట్టి చాలాసేపు చూశాడు.

"ఏ వైపు తేటగా ఉంది?" అని అడిగారు ఆవిడ.

"రెండూ ఒక్కలాగే ఉన్నాయండి."

"బాబాయిగారూ, సరిగ్గా చూడండి," అంది నీలవేణి. కిటికీకి ఇంకా దగ్గరగా జరిగింది.

ఆయన పాపం మళ్లీ చూశాడు. "వెంట్రుకవాసి కూడా తేడా లేదమ్మా. రెండు వైపులా నలుపు ఉంది."

నీలవేణికి ఏడుపు వచ్చింది, ఏడ్చింది. అద్దంలో అన్ని రోజులు కనపడిన తేట తన కోరికేనని తెలిసినందుకు సిగ్గుపడింది కూడా. కొండాచారి భూతద్దం తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. కాసేపటికి ఆమె లేచింది. ఎవరూ చెప్పకుండానే భరిణె పట్టుకుని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లి, మిగిలిన లేపనం గీకి పారేసి, జిడ్డు పోయేదాకా తోమింది. తడి చేతులతోనే లోపలికి వచ్చి మందు నూరే కల్వం ముందుకు లాక్కుంది.

"తొమ్మిదోసారి నూరతానండీ. మంజిష్ఠ పాళ్లు మారుస్తాను," అంది. పొత్రం చేతిలోకి తీసుకుని ఆగింది. "అమ్మా, మొండితనానికీ పట్టుదలకీ తేడా ఏంటని ఆ రోజు నేను అడిగినదానికి మీరు జవాబు చెప్పనే లేదు."

విశాలాక్షమ్మగారు తడి భరిణెను అందుకుని, వెలుతురుకి పట్టి చూసి, ఆరడానికి బోర్లించారు.

"పందొమ్మిదో రోజున కుడికంటికి రాసింది నీ ఈ చెయ్యే. ఇవాళ దీన్ని తోమిందీ ఈ చెయ్యే. ఏది ఏదో నేను చెప్పాలటే?"