కనుమ దిగిన కోళ్ల బండి

ఆ ఏడు ఎర్రకొండ కింద గుంటలన్నీ నెర్రెలిచ్చాయి. కొండ అవతల వాగు పారుతోందని విని కోళ్లన్నీ వలసకు బయల్దేరాయి. గింజల బస్తాలు, పొదిగే గుడ్లు, నడవలేని పిల్లలు అన్నీ ఒకే పెద్ద బండికెక్కాయి.

"లాగడానికి దున్న తాతను పిలుద్దాం" అంది పెద్ద పెట్ట.

"ఆయనా?" కోళ్లతో కొత్తగా చెలిమి కట్టిన నక్క అడ్డొచ్చింది. "ఆయన కొండ దాటేలోపు గుడ్లు పిల్లలై, పిల్లలు పుంజులై కూస్తాయి! ఆలస్యం అమృతం విషం అన్నారు. మన రవ్వ లేడూ?"

రవ్వ పొట్టి గుర్రం. చిన్న బండి లాగడంలో దాన్ని మించింది లేదు. మెచ్చుకుంటే మాత్రం ఒళ్లు తెలియదు. "నేనుండగా ఎవరో ఎందుకు?" అంటూ బండి ముందుకు వచ్చి నొగల మధ్య దూరింది.

"బండి నీకన్నా బరువురా అబ్బాయ్" అంది దున్నపోతు. "ఎక్కడం ఎక్కుతావు. దిగేటప్పుడో?"

"తాతకు కుళ్లు!" అంది నక్క. రవ్వ సకిలించి నవ్వింది. దున్నపోతు బండి వెనకాలే నడిచింది.

రవ్వ చెమటలు కక్కుతూ ఎక్కింది. కోళ్లు శభాషంటే శభాషన్నాయి. శిఖరానికి కాస్త ముందు దారి కొద్దిగా పల్లమైంది. రవ్వ ఆగబోయింది. బండి ఆగనివ్వలేదు. వెనక నుంచి ఒక్క తోపు తోసింది. గిట్టలు గులకరాళ్ల మీద జర్రున జారాయి. ఎదురుగా మళ్లీ ఎత్తు రాబట్టి సరిపోయింది. పిల్లలు ఆటనుకుని కిచకిచలాడాయి. రవ్వ మాత్రం వెనక్కి తిరిగి బండిని ఒకసారి చూసుకుంది.

పైకి చేరాక చూస్తే ముందు నిలువు వాలు. కింద మలుపు. మలుపు పక్కన లోయ.

"ఒక్క పరుగున దించెయ్ అల్లుడూ!" అంది నక్క. "నేను అడ్డదారిన పోయి మలుపు దగ్గర కాచుకుంటా."

ఆ మాట అంటూ మూతి నాక్కోవడం రవ్వ చూసింది. బండి బోల్తా పడితే కోళ్లను తిందామనే నక్క కాచుకుంటోందని దానికి అర్థమైంది.

"నడవడమెందుకు మామా? నా బలం మీద నమ్మకముందిగా. బండెక్కు."

"అబ్బే, నాకు నడకే హాయి..."

"ఎక్కన్నా, ఎక్కు!" అని కోళ్లు పట్టుబట్టాయి. కాదంటే అనుమానిస్తాయని నక్క ఎక్కింది. రవ్వ దిగబోతున్నట్టు ఒక్క అడుగు వేసింది. చక్రం కిర్రుమంది.

"ఆపు! ఆపరా! ఈ బరువు నిన్ను తొక్కుకుంటూ లోయలో పడుతుంది!" అని నక్క గావుకేక పెట్టింది.

"తెలిసే పంపావన్నమాట!" అంటూ పెద్ద పెట్ట ముక్కు మీద పొడిచింది. మిగతావీ అందుకున్నాయి. నక్క దూకి, తోక ముడిచి, ఖాళీ కడుపుతో పారిపోయింది.

రవ్వ నొగల్లోంచి బయటికొచ్చింది. "తాతా, ఇది నా వల్ల కాదు. నువ్వు దించాలి."

"దానికేం భాగ్యం! ముందున్న బస్తాలు కొన్ని వెనక్కి జరపండి, పల్లంలో బరువంతా ముందుకొచ్చి నొగల మీద పడుతుంది. అల్లరి పిల్లల్ని నువ్వు వీపు మీద ఎక్కించుకో. దారి చూపిస్తూ ముందు నడు."

దున్నపోతు అడుగులో అడుగు వేస్తూ, బరువును వెన్నుతో ఆపుకుంటూ దిగింది. ఒక్క గుడ్డు చిట్లలేదు. పొద్దు వాలకముందే పిల్లలు వాగు ఒడ్డున ముక్కులు తడుపుకున్నాయి. వాటి పక్కనే రవ్వ కడుపారా నీళ్లు తాగింది.

నీతి: లాగగలిగినంత కాదు, ఆపగలిగినంతే బండికెత్తాలి.