తొండ పేరు పుస్తకానికెక్కిన వైనం

అనగనగా ఒక అడవిలో జంతువులన్నీ కలిసి ఒక పెద్ద పుస్తకం రాసుకుంటున్నాయి. ఏ చెట్టు కాయ తినొచ్చు, ఏ వాగు ఎప్పుడు పొంగుతుంది, ఏ పురుగు కుడితే ఏ ఆకు నూరాలి, అన్నీ అందులో ఉండాలి. తాటాకులు ఏనుగు తెచ్చేది. కలాలేమో ముళ్లపంది అవ్వ రాల్చిన ముళ్లు. రాసిన ఆకులన్నీ కట్టగట్టి గుహలో దాచే పని ఎలుగుబంటి తాతది.

తాత పెట్టిన నియమం ఒక్కటే. ప్రతి ఆకు అడుగున ‘ఈ సంగతి నాకు ఫలానావారు చెప్పారు’ అని రాయాలి.

ఆ అడవిలో ఒక తొండ ఉండేది. ఎండలో బండమీద కూచుని, ఎవరేం మాట్లాడినా తల ఊపేది. వాన రాకడ గురించి మాట్లాడినా ఊపేది, పులి దగ్గు గురించి మాట్లాడినా ఊపేది. ఊపగా ఊపగా తనకు అన్నీ తెలుసని దానికే నమ్మకం కుదిరింది! పుస్తకంలో తన పేరు ఉండి తీరాలని దాని కోరిక. రాద్దామని కూచుంటే మాత్రం బుర్రలో ఈగలు తప్ప ఇంకేం లేవు.

ఒకనాడు ముళ్లపంది అవ్వ ఒక ఆకు పట్టుకుని మెల్లగా వచ్చింది.

“నాయనా తొండా, ఇది కాస్త తాతకి అందించవూ? చేదుదుంప ఎలా తినాలో రాశాను. ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది నాకు. పొద్దున అనుకున్నది సాయంత్రానికి ఉండటం లేదు. ఇది కూడా పోకముందే పుస్తకంలో పడితే నాకు నిశ్చింత.”

“దానికేం భాగ్యం అవ్వా!” అంది తొండ, తల ఊపుతూ.

అవ్వ అటు వెళ్లగానే ఆకు విప్పి చదివింది. ‘దుంప మొండిది, నోరు మెత్తనిది. కోసి, మూడు రాత్రులు పారే నీళ్లలో నానబెట్టి తినాలి. ఇది నాకు కొండవాగు ఎండ్రకాయ చెప్పింది. రాసింది ముళ్లపంది.’

తొండకు నోరూరింది. దుంప మీద కాదు, ఆ మాటల మీద. వెంటనే కొత్త ఆకు తీసుకుంది. మొదట ఎండ్రకాయ పేరు ఎగరగొట్టింది. తరవాత అవ్వ పేరు ఎగరగొట్టింది. ఉన్నదున్నట్టు దించితే దొరికిపోతానని, ఆ పైన మాటలు మార్చింది. ‘మూడు రాత్రులు నానబెట్టి’ అన్నచోట ‘మూడు మునకలు వేయించి’ అని పెట్టింది. ఎంత సొంపుగా ఉందో! తన రాతకు తానే మురిసిపోయింది. పుట్టి బుద్ధెరిగి దుంప ముఖం చూడనిదానికి, నానడం తెలుసా, మునగడం తెలుసా?

అవ్వ ఆకును బండ పగులులో తన పడకకింద పరుచుకుంది. తను రాసిన ఆకు పట్టుకెళ్లి తాతకిచ్చింది.

“అడుగున చెప్పినవారి పేరేదీ?” అన్నాడు ఎలుగుబంటి తాత.

“ఎవరో చెబితే కదా తాతా, పేరు రాయడానికి! ఇదంతా నా బుర్రలో పుట్టింది.”

తాత గొణుక్కుంటూనే కట్టలో చేర్చాడు.

కొన్నాళ్లకు అవ్వ అడిగింది. “నా ఆకు ఇచ్చావా నాయనా?”

“ఏ ఆకు అవ్వా? నువ్వు నాకేం ఇవ్వలేదే! మరిచిపోయినట్టున్నావు.”

అవ్వ ముఖం చిన్నబోయింది. “ఇవ్వలేదా? అయ్యో, అదీ పోయిందన్నమాట,” అనుకుంటూ వెళ్లిపోయింది.

ఇంతకంటే నీచం ఉంటుందా పిల్లలూ? దొంగిలించింది చాలక, పోగొట్టుకున్నదానిదే తప్పని నమ్మించింది!

ఆ ఏడు అడవిలో కాయలు కాయలేదు. కొండముచ్చు తల్లి పుస్తకం తిరగేసింది. దుంప తవ్వి, కోసి, వాగులో మూడు మునకలు వేయించి పిల్లకు పెట్టింది. కాసేపటికే పిల్ల గొంతు వాచిపోయింది. ఊపిరి సరిగా ఆడటం లేదు.

తల్లి పిల్లను చంకనేసుకుని బండ దగ్గరికి పరుగెత్తింది. వెనకే తాత, పుస్తకం పట్టుకుని.

“ఏం తొండా, రాసింది నువ్వే కదా, విరుగుడు చెప్పు!” అంది తల్లి.

తొండ తల ఊపింది.

“ఊపుడు కాదు, మాట చెప్పు! ఆకా, వేరా?”

మళ్లీ ఊపింది.

“నీ బుర్రలోనే పుట్టిందన్నావుగా, విరుగుడు కూడా అందులోంచే తియ్యి!” అని గద్దించాడు తాత.

మళ్లీ ఊపింది. లోపల ఏమైనా ఉంటే కదా తియ్యడానికి!

గోల విని ముళ్లపంది అవ్వ వచ్చింది. తాత ఆకు చదివి వినిపించాడు. ‘దుంప మొండిది, నోరు మెత్తనిది...’

అవ్వ ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. “ఇది నేను రాసిన మాటే! నాకు ఎవరో చెబితే రాశాను. ఎవరబ్బా... గుర్తు రావడం లేదు. అందుకే కదా అడుగున పేరు పెట్టుకున్నాను! నా ఆకేదిరా?”

తొండ మెడ ఎర్రబడింది. తల ఊపడం ఆగిపోయింది. కళ్లు మాత్రం పడక వైపు పరిగెత్తాయి. కొండముచ్చు అది కనిపెట్టి, తోక పట్టుకుని తొండను అవతలికి గిరాటేసింది. పగులులో చెయ్యిపెట్టి ఆకు లాగింది.

“కొండవాగు ఎండ్రకాయ!” అని కేక పెట్టాడు తాత.

కొండముచ్చు కొమ్మలమీదుగా దూకుతూ వాగు చేరింది.

“చింతచిగురు దంచి, ఆ పుల్లటి రసం చుక్కచుక్కగా మింగించు,” అంది ఎండ్రకాయ సంగతంతా విని, బురదలోంచి. “మునకలేమిటే, మునకలు! దుంప ఏమైనా పుష్కరాలకొచ్చిందా?”

పొద్దుగూకేసరికి పిల్ల తేలిగ్గా ఊపిరి తీసుకుంది. ఏడ్చింది కూడా.

“నేనిచ్చాను. మరిచిపోలేదు. ఇచ్చాను,” అని అవ్వ తనలో తానే అనుకుంటూ కూచుంది.

తొండ ఆకును చింపి పారెయ్యమన్నాయి జంతువులు. తాత ఒప్పుకోలేదు. “పేరు లేని ఆకును తీసుకోవడం నా తప్పు. ఇప్పుడు పెడతాను,” అని అవ్వ ముల్లుతోనే అడుగున రాశాడు. ‘చెప్పింది ఎండ్రకాయ. రాసింది ముళ్లపంది. దొంగిలించి చెడగొట్టింది తొండ.’

పుస్తకంలో పేరుండాలన్న తొండ కోరిక అలా తీరింది. ఇప్పటికీ అది బండమీద కూచుని తల ఊపుతూనే ఉంటుంది. దాన్ని ఎవరూ ఏమీ అడగరు.

నీతి: ఒకరి మాటను వారి పేరు తుడిచి తనదిగా రాసుకున్నవాడు, ఆ మాటను దొంగిలించడమే కాదు, ఆపదలో ఎవరిని అడగాలో ఆ దారినీ మూసేస్తాడు.