రాయని ఏడు సమాధులు

"స్వామీ, పేరూ రూపమూ రెండూ మాయేనంటారు గదా. మరి మన్నైపోయినోళ్ళ పేర్లు మఠంలో రాసి పెట్టుకునేది ఎందుకు?" అని చెన్నవీరయ్య ఒకనాడు గురువును అడిగాడు. కంబగిరయ్యస్వామికి ఏ ప్రశ్నకూ అడిగిన రోజునే జవాబు చెప్పే అలవాటు లేదు. "చూద్దాం లేప్పా" అని లేచి పూజకు వెళ్ళిపోయాడు.

ఆ నేతగాళ్ళ పల్లెలో చనిపోయినవారిని కూర్చోబెట్టి పూడ్చేవారు. పైన రాయి పాతేవారు కాదు. మట్టిలో కలిసినవాడికి మళ్ళీ గుర్తెందుకని పెద్దలు చెప్పిన మాట. ఆడవాళ్ళు రుద్రభూమిలో కాలు పెట్టకూడదు. అందుకని ఫలానావారు తూర్పు గట్టు నుంచి ఇన్ని అడుగుల దూరాన ఉన్నారని మఠం పుస్తకంలో రాసేవారు. ఆ రాత పని చెన్నవీరయ్యది. చదవేస్తే ఉన్నమతి పోయిందన్న సామెత ఇలాంటివాళ్ళను చూసే పుట్టి ఉంటుంది. గురువు ఊరుకున్నాడంటే ఒప్పుకున్నట్టేనని అతడు కలం పక్కన పెట్టాడు. ఆ నెలలోనే ఊళ్ళో విషజ్వరాలు వచ్చాయి. కుండపోత వానలో ఏడుగురిని పూడ్చారు. ఒక్కరిని కూడా రాయలేదు. జ్వరాలు తగ్గాక ఏదో భయం పుట్టి మళ్ళీ రాయసాగాడు గానీ, ఆ ఏడుగురి సంగతి గురువుకు చెప్పలేదు.

నాలుగేళ్ళకు ఏటికి అడ్డంగా ఆనకట్ట కట్టారు. పల్లె మునిగిపోతుంది, మూడు రోజుల్లో ఖాళీ చెయ్యమన్నారు. తమవాళ్ళ ఎముకలు తవ్వుకుని కొత్త ఊరికి తీసుకుపోవచ్చన్నారు. ఆచారాలు నిలిచే సమయం కాదు గనుక ఆడవాళ్ళూ రుద్రభూమికి వచ్చారు. జ్వరాలప్పుడు పోయిన ఆరుగురి జాడ వాళ్ళ ఇంటి మగవాళ్ళకు గుర్తుంది. ఏడోది నీలమ్మ కూతురు మహదేవి, అయిదేళ్ళ పిల్ల. బిడ్డను ఎత్తుకుపోయి పూడ్చిన తండ్రి మరుసటేడు పాము కరిచి పోయాడు. గుంత తవ్విన ఓబులేసు ఆ జ్వరానికే పోయాడు.

నీలమ్మ ఉతికిన పసుపు గుడ్డ తెచ్చుకుంది. "బుక్కులో చూడు సామీ. శ్రావణమాసం, సోమవారం" అంది.

చెన్నవీరయ్య పుస్తకం తీశాడు. ఆషాఢం తరువాత పుటలో కార్తీకం ఉంది. అతడు పుస్తకం మూసి, నేను రాయలేదమ్మా అని చెప్పాడు. చెప్పి, పార అందుకున్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. పడమటి పక్కన ఎక్కడో అన్నంతవరకే అతడికి జ్ఞాపకం. రెండు రోజులు తవ్వాడు. రెండు చోట్ల పెద్దవాళ్ళ ఎముకలు బయటపడితే దణ్ణం పెట్టి మళ్ళీ మన్ను కప్పాడు. అరచేతులు పొక్కి చిట్లాయి. అతడికి ఏడుపు ఆగలేదు. మూడోనాడు పొద్దెక్కేసరికి గుంతల్లోకి నీళ్ళు ఊరాయి. గట్టు మీది జనం కేకలేశారు.

నీలమ్మ అతడి చేతిలోంచి పార తీసి పక్కన పెట్టింది.

"పోనీలే సామీ. ఏ పక్కకు తిరిగి దండం పెట్టుకోవాల్నో అదన్నా చెప్పు."

ఏదో ఒక దిక్కు చూపిస్తే ఆమె నమ్మేది. చెన్నవీరయ్య చెయ్యి లేచింది. ఎటూ చాపలేక దింపేసుకున్నాడు. నీలమ్మ ఖాళీ గుడ్డను మడిచి నడుములో దోపుకుని గట్టెక్కి వెళ్ళిపోయింది.

గట్టు మీద కంబగిరయ్యస్వామి కూర్చుని ఇదంతా చూస్తూనే ఉన్నాడు. చెన్నవీరయ్య తడిసిన బట్టలతోనే వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"తిట్టుంటే బాగుండు స్వామీ. ఆయమ్మ ఒక్క మాటనలేదు, కంట నీరన్నా పెట్టలేదు" అన్నాడు.

గురువు నీళ్ళ వైపే చూస్తూ అన్నాడు:

"ఏడ్చేదానికైనా ఒక చోటుండాల గదప్పా."