చిన్నవాగు దగ్గరి కంచె

ఆ వసంతంలో బెర్తోల్డు కాళ్లు నేల మీద ఆనడం లేదు. నాలుగున్నర వందల ఏళ్ల కిందటి మాట. జర్మనీ కొండల్లోని ఒక సంపన్న మఠంలో అతను దస్తావేజులు రాసే సన్యాసి.

మఠానికీ ఊరికీ మధ్య రెండు వాగులున్నాయి. మఠం పక్కన పెద్దవాగు, ఊరి పక్కన చిన్నవాగు. రెంటి నడుమ పచ్చిక బీడు. తాతల నాటి నుంచీ ఊరి పశువులు మేసేది అక్కడే. మఠం పాత పత్రంలో "మా నేల వాగు దాకా" అని ఉంది. ఏ వాగో లేదు. బెర్తోల్డు కొత్త ప్రతిలో "చిన్నవాగు దాకా" అని రాశాడు. మఠాధిపతి మురిసిపోయి ముద్ర వేశాడు. వారం తిరక్కుండా కంచె లేచింది. ఊళ్లో ఆవుల డొక్కలు ఎండాయి. బీదవాళ్లు ఉన్న ఒక్క ఆవునూ కసాయికి తోలారు.

అందరూ మెచ్చుకుంటున్నా బెర్తోల్డుకు లోపలెక్కడో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. తన గురువు, ముసలి ఫాదర్ దగ్గరికి వెళ్లాడు.

"గురువుగారూ, ఊరివాళ్ల దగ్గర ఒక్క కాగితమూ లేదు. న్యాయం మన వైపే ఉన్నట్టు కదా?"

ముసలాయన చిక్కుడు గింజలు ఒలుస్తున్నాడు. తలెత్తలేదు.

"రేపు పొలిమేర ఊరేగింపు. సిలువ పట్టుకుని నువ్వు ముందు నడువు" అన్నాడు.

ఏటా ఆ రోజున ఊరంతా సిలువ వెంట పొలిమేర చుట్టి, పంట బాగుండాలని ప్రార్థించేది. మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. చిన్నవాగు దాటగానే కంచె అడ్డం వచ్చింది. బెర్తోల్డు ఆగాడు. వెనక రెండొందల మంది ఆగారు. పాట ఆగిపోయింది.

"దారి లేదు గురువుగారూ. ఇటు తిరిగి పోదాం."

గురువు పక్కనున్న వాల్బుర్గాను చూశాడు. మొన్ననే ఆవును అమ్ముకున్న విధవరాలు ఆమె.

"మన పొలిమేర ఎక్కడమ్మా?"

"పెద్దవాగు ఒడ్డునయ్యా. నేను మా నాన్న భుజమెక్కి వచ్చిన ఏడు కూడా బైబిలు వాక్యం అక్కడే చదివారు. చదివింది మీరే."

ముసలాయన శిష్యుడి వైపు తిరిగాడు.

"దేవుణ్ణి ఎటు తిప్పమంటావు నాయనా?"

అంతే. తొందరేమీ లేనట్టు పోయి ఒక రాయి మీద కూర్చున్నాడు.

బెర్తోల్డుకు సిగ్గుతో ముఖం కందిపోయింది. తను రాసిన రెండక్షరాలు వరసగా గుంజలై నిలబడి ఉన్నాయి. "కాస్త పట్టుకో అమ్మా" అని సిలువను వాల్బుర్గా చేతికిచ్చి, అంగీ చేతులు పైకి మడిచాడు. మొదటి గుంజను ఊపి ఊపి పెకలించాడు. రెండో గుంజ దగ్గరికి వెళ్లేసరికి అతనికి పని మిగల్లేదు. ఊరు ఊరంతా కంచె మీద పడింది. ఎవరో పాట ఎత్తుకున్నారు. వాల్బుర్గా సిలువ పట్టుకుని ముందు నడిచింది. ఆ ఏడూ వాక్యం పెద్దవాగు ఒడ్డునే చదివారు.

మఠాధిపతి ఊరుకోలేదు. కంచె పీకారని ఊరి పెద్దలు ఐదుగురిని సంకెళ్లతో న్యాయస్థానానికి ఈడ్పించాడు. నేరం రుజువైతే ఉరే.

"కంచె మీద మొదట చెయ్యి వేసిందెవరు?" అని గద్దించాడు న్యాయాధికారి.

"నేను" అంటూ బెర్తోల్డు లేచాడు. "పీకిందీ నేనే. పాతమని రాసిందీ నేనే. వాగు అంటే పెద్దవాగని రాసేటప్పుడే నాకు తెలుసు."

న్యాయాధికారి కొత్త పత్రం తెప్పించుకుని చదివి, నిలువునా చింపేశాడు.

మధ్యాహ్నానికి ఊళ్లో గంటలు మోగాయి. సంకెళ్లు ఊడిన ఐదుగురినీ జనం భుజాల మీద మోసుకొచ్చారు. ఉన్న పశువులన్నీ చిన్నవాగు దాటి, మోకాలెత్తు పచ్చికలో తలలు దూర్చాయి.

సాయంత్రం బెర్తోల్డు గురువు ముందు నిలబడ్డాడు. ముఖం వెలిగిపోతోంది.

"గురువుగారూ, నన్ను రాతపని నుంచి తీసేశారు. ఇక జీవితమంతా పశువుల పాకలోనేనట."

ముసలాయన నవ్వాడు.

"మన ప్రభువు మొదలుపెట్టిందీ అక్కడే కదయ్యా."