బీరపొట్టు ఎవరి సొత్తు

కొండల నడుమ ఒకానొక చిన్న రాజ్యాన్ని ప్రతాపకేతుడనే రాజు ఏలుతుండేవాడు. పరాక్రమవంతుడే గానీ, ఆయనకు అనుమానం జాస్తి. తోటమాలి మొక్కల మీద ఏం చల్లుతున్నాడోనని సొంత కూరతోటనే పీకించేశాడు. అప్పటినుంచి కోటకు కూరలన్నీ వారపు సంతనుంచే వచ్చేవి. అక్కడ ఏ రైతు దగ్గర కొనబోతున్నదీ కొనేవాళ్లకు కూడా ముందుగా తెలియకూడదు. వండినదాన్ని మొదట రుచిచూసే భటులు తినాలి. వాళ్లు కాసేపు అటూ ఇటూ తిరిగి బాగానే ఉన్నారని తేలాకగానీ రాజు ముద్ద ముట్టడు.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. సంతలో బీరకాయలు, ఎప్పుడైనా ఒకటీ అరా ఆనపకాయలు తప్ప మరో కూర కనిపించడం మానేసింది. కోట వంటలక్క పేరమ్మ రోజూ బీరకాయ పప్పో, బీరకాయ పులుసో చేసేది. ఇంటి దగ్గర ఆమెకు ముసలి అత్త, ఇద్దరు కూతుళ్లు. అక్కడ ఆ బీరకాయకూ కరువే. ఒకనాడు చెక్కిన పొట్టు పారేయబోతూ, లేతగా ఉంది కదా అని ఇంటికి తీసుకుపోయింది. నూనెలో వేయించి, ఎండుమిరపకాయలు, నువ్వులు, కాస్త చింతపండు చేర్చి రోట్లో నూరింది. అత్తగారు మారు అన్నం పెట్టించుకుని తిన్నది.

అదిమొదలు పేరమ్మ సాయంత్రం ఇంటికి వెళ్తూ పొట్టు బుట్టలో వేసుకుని పైన గుడ్డ కప్పుకునేది. రాజుగారి వంటలక్క ఇంట్లో తొక్కలు తింటున్నారని నలుగురూ నవ్వుతారేమోనని ఆమె సిగ్గు.

ఆ గుడ్డే ఆమె కొంప ముంచింది. కోట తలారి అది చూసి రాజు చెవిన వేశాడు. కప్పి తీసుకుపోతున్నదంటే అది దాచవలసినదే అయి ఉంటుందనుకున్నాడు రాజు. తనకు పెట్టడానికి విషమేదో కాస్తున్నదన్న అనుమానం ఒకపక్క, మంచిదంతా ఇంటికి చేరవేసి తనకు చప్పిడి పెడుతున్నదన్న అనుమానం మరోపక్క. రాత్రంతా ఆయనకు కునుకు పట్టలేదు. తెల్లవారగానే పేరమ్మను సభకు రప్పించి, కుటుంబంతో సహా పొలిమేర దాటించమన్నాడు.

పేరమ్మ ఉన్నమాట చెప్పింది. సభలో ఎవరూ నమ్మలేదు.

కొలువులో ఎల్లన అనే కవి ఉండేవాడు. పద్యాలకంటే మాటకారితనానికే ఆయనకు పేరు. ఆయన లేచి, ఇంతకూ నేరమేమిటని వినయంగా అడిగాడు.

"వంటింట్లోంచి నా సొత్తు బయటికి పోయింది. దొంగతనం" అన్నాడు రాజు.

"చిత్తం. పొట్టు ప్రభువుల సొత్తే అయితే అది ప్రభువుల విస్తట్లో ఉండాలి. ఇవాళ్టినుంచి తమకే వడ్డించమని సెలవియ్యండి."

రాజు మొహం చిట్లించాడు. "నేను తొక్కలు తింటానా? అది పెంటమీద పారేసే చెత్త."

"అలాగైతే పారేసినది ఏరుకున్నవాళ్లదే కదా, ప్రభూ?"

రాజు ఎల్లనను ఎగాదిగా చూశాడు. ఇందులో మెలిక ఎక్కడుందో తెలియలేదు. చివరికి ఔనన్నాడు. ఎల్లన ఆ మాటను తీర్పుగా సభలో చాటించాడు. కానీ విషం సంగతి తేలలేదని రాజు పట్టుబట్టడంతో, పేరమ్మ చేత సభలోనే ఆ వంట చేయించాలని నిర్ణయమైంది.

పొయ్యి పెట్టారు. పొట్టు వేగి, పచ్చడి నూరి, ఇంగువ తాలింపు పడేసరికి సభంతా కమ్మని వాసన. ఎల్లన వేడి అన్నంలో నెయ్యి వేసుకుని కలుపుకుని తిన్నాడు. తిని, తన ఒంట్లో ఏమీ తెలియడం లేదనీ, భటులు కూడా చూస్తే మంచిదనీ అన్నాడు. భటులు తిన్నారు. విషం మెల్లగా పనిచేసేదేమోనని మరో ముద్ద తిన్నారు. తలారి కూడా విచారణ పేరు చెప్పి చెయ్యి కడుక్కుని కూర్చున్నాడు. గిన్నె అడుగు కనబడుతుంటే రాజు సింహాసనం అంచుకు జరిగాడు.

"ఆగండి. అది ఇలా తెండి" అన్నాడు.

ఎల్లన గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "క్షమించాలి. ఏరుకున్నవాళ్లదేనని తమరి తీర్పు. దీనికి సొంతదారు పేరమ్మ. ఆమెను అడగాలి."

రాజు అటు తలారినీ ఇటు గిన్నెనూ చూశాడు. ఆ తరువాత గొంతు సవరించుకున్నాడు.

"పేరమ్మా, నాకు కాస్త పెడతావా?"

పేరమ్మ కళ్లు తుడుచుకుని, మిగిలిన పచ్చడంతా ఊడ్చి ఆయన విస్తట్లో వేసింది. రాజు మొదటి ముద్ద నోట పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి విస్తరి ఖాళీ. ఆయన పెద్దగా నవ్వి, శిక్ష రద్దు చేసి, పేరమ్మ ఇంటికి ఏడాది గ్రాసం ఇప్పించాడు. ఎల్లనను ఏం కావాలో కోరుకోమన్నాడు.

"కోట వంటింటి చెత్త మీద హక్కు ఇప్పించండి ప్రభూ, చాలు" అన్నాడు ఎల్లన.

రాజు నవ్వు ఆగిపోయింది. కళ్లు చిన్నవి చేసి, కవినీ వంటలక్కనూ మార్చిమార్చి చూశాడు.

"పేరమ్మా, నిజం చెప్పు. ఆనపకాయ తొక్కలు ఏం చేస్తున్నావు?"

పేరమ్మ తల వంచుకుంది. ఎల్లన మాత్రం పైకప్పు వంక చూస్తూ నిలబడ్డాడు. రాజుకు మళ్లీ నవ్వాగలేదు. మెడలోని ముత్యాలహారం తీసి కవి మెడలో వేసి, చెత్త మాత్రం తనకే ఉంచుకున్నాడు.