పదిహేడో సోల

అనగనగా, మన ఊరు కాదర్రా, ఏరు దాటాక ఇంకో ఊళ్ళో, విస్సన్న పంతులని ఒక బడిపంతులు ఉండేవాడు. ఊ కొట్టండి మరి, నేనేం గోడకి చెబుతున్నానా?

ఆయన నమ్మకం ఒక్కటే. పిల్లలంటే ఉత్త కుండలు. పంతులు పొయ్యాలి, వాళ్ళు పట్టుకోవాలి. ఎందుకూ అని అడిగితే బెత్తం పడాలి. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం! పొద్దస్తమానం ఇదే పాట. ఊరంతా ఆహా అంటే ఆహా. బడి నడుపుతున్నందుకు రాజుగారు ఆయనకి మాన్యం కూడా ఇచ్చాడు.

ఒకనాడు ఆ రాజే బడికొచ్చాడు. బస్తాడు వడ్లూ ఒక సోలా ముందు పెట్టించి, కుంచెడు కొలవమన్నాడు. పిల్లలు గిద్దల దగ్గర్నుంచి పాట అందుకున్నారు. పాడారు, మళ్ళీ పాడారు. సోల మాత్రం ఒక్కడూ ముట్టుకోలేదు! కోతలకి మళ్ళీ వస్తాను, అప్పుడూ ఇంతే అయితే మాన్యం లేదు, బడీ లేదు అనేసి వెళ్ళాడు రాజు.

పంతులు ఇంటికొచ్చి పిల్లల్ని తిట్టిందే తిట్టు. మొద్దులన్నాడు, శుంఠలన్నాడు. కోడలు పేరిందేవి విని విని, పోనీ మీరో కుంచెడు కొలవండి మామయ్యగారూ అని కుంచం ముందు పెట్టి సోల చేతికిచ్చింది. కొలతల్లో ఒకటి అనకుండా లాభం అంటారుగా, అలా లాభం, రెండు, మూడు అంటూ పదహారూ పోశాడు. లెక్క తప్పలేదు. కానీ సోల అంచుకి చేత్తో గీయాలని తెలిస్తేగా! ప్రతిదీ కుప్పగా పోస్తే గింజలు కుంచం పొర్లి నేలపాలయ్యాయి. పుట్టి బుద్ధెరిగి సోల పట్టిన మనిషి కాదు, ఆడవాళ్ళు కొలిచి వండితే తినడమే. పాపం, సిగ్గుతో ఆ పూట అన్నం కూడా సయించలేదు.

మర్నాటి నుంచి బడి కళ్ళంలోకి మారింది. చదువు చెప్పమంటే కూలిపని నేర్పుతున్నాడని ఊరంతా ఒకటే గోల. పిల్లలేమో ఎందుకూ, ఎలాగూ అని ప్రాణం తోడేసేవాళ్ళు. మొదట్లో పళ్ళు నూరుకున్నాడు. తర్వాత్తర్వాత చెప్పసాగాడు, తెలియనిది కోడల్ని అడిగొచ్చి మరీ. ఊ కొడుతున్నారా, గుర్రు కొడుతున్నారా?

కోతలొచ్చాయి, రాజూ వచ్చాడు. రైతుల పంటలో రాజుగారి వాటా వడ్లు కొలిచే కుంచం ఒకటి కళ్ళంలో ఉంది, దాన్నే నింపమన్నాడు. గానుగవాళ్ళ గవరమ్మ, ఏడేళ్ళ పిల్ల, సోల అంచు గీసి గీసి పదహారు పోసింది. కుంచం నిండలేదు. పదిహేడోది పోస్తే నిండింది. రాజుగారి కుంచం పెద్దదండీ అనేసింది పిల్ల.

అమ్మో! ఆ వాటా కొలిచే రాజుగారి బంట్రోతు, ఆ పిల్ల నోరు ముయ్యించవయ్యా అని పంతులు మీద విరుచుకుపడ్డాడు. పిల్ల లెక్క తప్పిందని ఒక్క మాటంటే మాన్యం దక్కుతుంది. గవరమ్మ ఆయన మొహంకేసే చూస్తోంది.

"పిల్ల లెక్క సరే మహారాజా, అడగమని నేర్పింది నేనే" అన్నాడు.

రాజు తనే సోల పట్టాడు. ఆయనకీ పదిహేడే! బంట్రోతు గుట్టుగా కుంచం మార్చి, ప్రతి కుంచానికీ ఆ పదిహేడో సోల తనే తినేస్తున్నాడని తేలింది. వాణ్ణి వెళ్ళగొట్టి, ఎక్కువ లాగిన గింజలు రైతులకి తిరిగిప్పించాడు రాజు. మాన్యం పంతులికే ఉంచాడు. కూలిపని అని వెక్కిరించినవాళ్ళే ఆ తర్వాత ఏ తగువొచ్చినా పంతులు గుమ్మం ముందు నిలబడేవాళ్ళు.

పంతులు ప్రశ్నకి జడిస్తే, ఊరు బంట్రోతుకి జడుస్తుందర్రా. అంతే. కథ కంచి దారి పట్టింది, మీరు మంచాలెక్కండి.